తుమ్మలచెల్క యూరోపియన్లు

మూడు గంటలకు అఖిలను మేజిస్ట్రేట్ ముందు హాజరుపరుస్తారు. నేను తుమ్మలచెల్కలో ఆటో దిగేసరికి పొద్దున తొమ్మిదిన్నర. చేతిలో ఐదున్నర గంటలున్నాయి. 'మామను చంపిన కోడలు' అన్న మాట ఒకసారి రిమాండ్ కాగితం మీద పడితే, తరువాత నిర్దోషి అని ఎన్ని కాగితాలు వచ్చినా ఊరు దాన్నే గుర్తుపెట్టుకుంటుంది. ఈ సంగతి నాకు బాగా తెలుసు. ఇరవై ఆరేళ్ళు పోలీసు శాఖలో అలాంటి కాగితాలు రాసిన చెయ్యి నాది.

ఏఎస్సైగా రిటైరయ్యాక నల్గొండలో 'జాహేదా ఎంక్వైరీస్' అని బోర్డు పెట్టుకున్నాను. పెళ్ళి సంబంధాల ఆరాలు, ఇల్లు ఖాళీ చేయని కిరాయిదార్లు, ఒకసారి తప్పిపోయిన ముర్రా బర్రె. ఇవే నా కేసులు. హత్య రావడం ఇదే మొదలు. తెచ్చింది కూడా ఎవరో కాదు, చనిపోయినవాడి భార్య. అత్తలేని కోడలు ఉత్తమురాలు అంటారు గాని, వెంకటనర్సమ్మ నిన్న సాయంత్రం నా ఆఫీసు మెట్లు ఎక్కింది కోడల్ని విడిపించమని అడగడానికే.

"నా పెనిమిటి పోయిండు. గది నా కర్మ," అంది. "గా పిల్లను గూడ తీస్కపోతే నాకెవలున్నరు మేడం? అది కొట్టలే. నా కండ్ల ముందల ఉన్నది రాత్రంత."

కేసు చూడడానికి చిన్నదే. సోమవారం పొద్దున ఎనిమిది గంటల పది నిమిషాలకు సీతారాములు మగ్గం గుంటలోంచి పైకి లేస్తూ జారి, పక్కనున్న బండకు తల కొట్టుకున్నాడు. అరవై మూడేళ్ళ మనిషి. కొడుకు దినేశ్ భీవండిలో మిల్లు పనికి పోయి ఉన్నాడు కాబట్టి కోడలు అఖిలే ఆయన్ని నల్గొండ తీసుకుపోయింది. మూసీ స్కాన్ సెంటర్‌లో పదకొండు నలభైకి తలకు స్కాన్ తీశారు. పదకొండు యాభై రెండుకు రిపోర్టు చేతికొచ్చింది. నార్మల్. ఇంటికి తిరిగొచ్చారు. సాయంత్రం ఏడున్నరకు, అత్త ఇంట్లో లేని వేళ, కోడలు మామ మీద అరవడం పక్కింటివాళ్ళు విన్నారు. మంగళవారం తెల్లారేసరికి సీతారాములు ప్రాణాలతో లేడు. పోస్టుమార్టంలో పుర్రె లోపల, కుడివైపు, నెత్తురు గడ్డ కనబడింది.

సీఐ శ్రవణ్‌కుమార్ దీన్ని మూడు ముక్కల్లో తేల్చాడు. పదకొండు నలభైకి తలలో నెత్తురు లేదు. చనిపోయాక ఉంది. నడుమ కొట్టింది ఎవరంటే, అరిచిన మనిషే. నిన్న సాయంత్రం నాలుగింటికి అఖిలను తీసుకుపోయారు.

నిజం చెప్పొద్దూ, నేనైనా అంతే అనుకునేదాన్ని. కాని భర్త శవం లేచి రెండు రోజులు కాకముందే కోడలి కోసం మెట్లెక్కిన ముసలమ్మను చూశాక నాకు నిద్ర పట్టలేదు.

మగ్గం గది చిన్నది. నేలలో తవ్విన గుంట, గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుని నేసే మగ్గం, గుంట అంచున నల్ల బండ. బండ మీద రాలిన పసుపు ఇంకా ఉంది. దెబ్బ తగలగానే అఖిల అద్దిన పసుపట. వెంకటనర్సమ్మ గోడ పట్టుకుని నిలబడింది. ఆమె మెడ ఇటు తిప్పాలంటే మనిషంతా తిరగాలి.

"మీకు నడుము కూడా ఒంగదా?" అన్నాను.

"మా తరమంత గిట్లనే మేడం. ఆయినైతే నెత్తి తిప్పి సూడలేకపోతుండె. గందుకే గుంటల నుంచి లేసుడు కష్టమయ్యేది. ఇప్పుడు నల్లాలల్ల కృష్ణ నీళ్ళు వస్తున్నయి గాని, పాత బోరింగు నీళ్ళు మా బొక్కలల్లకు ఎప్పుడో పోయినయి."

బోరు నీళ్ళలోని ఫ్లోరైడ్ గురించి ఈ జిల్లాలో పుట్టినవాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నేను తల ఊపి మగ్గం మీద ఆగిపోయిన బట్ట వైపు తిరిగాను. ముందే ముళ్ళు కట్టి రంగులద్దిన దారాలతో నేసే చీర అది. ఒక్కో పోగూ వేసి, రెండు చేతులతో అటూ ఇటూ లాగి సరిచేస్తేనే పువ్వు పువ్వులా కలుస్తుంది. బట్ట అంచున రెండు పసుపు బొట్లున్నాయి, జానెడు ఎడంగా.

"ఈ బొట్లేంటమ్మా?"

"మగ్గం మీద కూసున్నప్పుడల్ల ఓ బొట్టు పెడ్తడు. వాళ్ళ నాయిన కాంచి అలవాటు. గీ మొదటిది సోమవారం పొద్దుగాలది."

"మరి రెండోది?"

వంగలేని మనిషి వంగడానికి ప్రయత్నించి, వేలితో రెండో బొట్టు పక్కన తడిమింది. "నల్గొండ నుంచి వచ్చినంక మూడు గంటలకు మళ్ళ కూసున్నడు. వద్దంటె ఇన్లే. కాగితం బాగుందన్నది, నాకేం రోగం అన్నడు. మేడం... నేను గిది ఇప్పటిదాంక సూడలే. ఆయిన సేతి బట్ట గాదిది."

నాకు నేత రాదు గాని కళ్ళున్నాయి. మొదటి బొట్టు నుంచి రెండో బొట్టు దాకా అంచు గీత గీసినట్టుంది, పువ్వులు కలిశాయి. రెండో బొట్టు దాటాక ఎడమ అంచు వదులైంది. మొదట వెంట్రుకవాసి, తరువాత వేలెడు. చివరి నాలుగు వేళ్ళ బట్టలో ఎడమవైపు పువ్వులు విరిగిపోయాయి, కుడివైపువి మాత్రం సరిగ్గానే ఉన్నాయి.

"నలభై ఏండ్లల్ల ఒక్క అంచు పోనియ్యలే," అంది వెంకటనర్సమ్మ. కొంగుతో నోరు మూసుకుంది.

"ఎన్నింటికి లేచాడు?"

"నాలుగున్నరకు. చెయ్యి తిమ్మిరెక్కిందన్నడు."

ఏ చెయ్యి అని అడగాల్సిన పని లేకపోయింది. నేను ఫోన్‌తో ఫొటోలు తీసుకుంటుండగా బయట జీపు ఆగింది.

శ్రవణ్‌కుమార్ గుమ్మం బయట చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. యూనిఫాం మీదికి బూట్లు కాదు, చెప్పులు. చూసి నవ్వొచ్చింది. నేను హెడ్ కానిస్టేబుల్‌గా ఉన్నప్పుడు ప్రొబేషన్ మీద వచ్చిన ఎస్సై ఇతను. పంచనామా రాయడం నేర్పింది నేనే. ఇప్పుడు నలభై ఆరేళ్ళ సీఐ, నేను బోర్డు పెట్టుకున్న ఆడమనిషిని.

"బూట్లు ఏమైనయి సీఐ గారూ?" అన్నాను.

"ఇసుక ట్రాక్టర్ ఎంబడి పడి బండి మీదికెల్లి కింద పడ్డ గదక్కా. పద్దెనిమిది రోజులైంది. అప్పటిసంది ఎడమ కాలికి బూటు బరువైతాంది. వాపనుకుంట." కణత రుద్దుకుని, జేబులోంచి ఓ బిళ్ళ తీసి నీళ్ళు లేకుండానే మింగాడు. "నువ్వు నా సీన్ల ఎందుకున్నవ్?"

"నీ సీన్ కాదిది. వీళ్ళిల్లు. ఇంటావిడ పిలిచింది."

"పిలిచినామెకు నిజం చెప్పు మరి. స్కాన్ ఉంది. రిపోర్టుంది. కింద డాక్టర్ సంతకం ఉంది. మిషన్‌కు అత్త లేదు, కోడలు లేదు, కులం లేదు. ఎవలకు అబద్ధం చెప్తది?"

నేను బట్ట చూపించాను. మూడు గంటలకే ఎడమ చెయ్యి పట్టు తప్పిందంటే, ఏడున్నర గొడవకు ముందే తలలో ఏదో జరుగుతున్నట్టు కదా అన్నాను. శ్రవణ్ వంగి చూశాడు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు. అది చిన్నప్పటి అలవాటు. అతనిదీ ఇక్కడికి నాలుగు కిలోమీటర్ల దూరంలోని ఊరే. ఆ బోరు నీళ్ళు తెచ్చిన గోధుమరంగు గారపళ్ళు కనబడకూడదని.

"బట్టను తీస్కపోయి బోనుల నిలబెడ్తవా అక్కా? ప్రమాణం చెయ్యమంటవా? ముసలాయనకు కండ్లు కనబడక అంచు పోయింది. గిదిగో, నా పంచనామల ఉన్నది చూడు. మృతుని ఎడమ చెప్పు గల్లీల, గుమ్మానికి ఇరవై అడుగుల దూరంల దొరికింది. కుడి చెప్పు గుమ్మం కాడ ఉంది. పెనుగులాట లేకుంటె ఒక్క చెప్పు గంత దూరం ఎందుకు పోతది?"

పంచనామా తీసుకుని చదివాను; ఇరవై అడుగులనే ఉంది. ఒళ్ళు మండింది.

"పెనుగులాటైతే ఆ పిల్ల ఒంటిమీద ఒక్క గీరు లేదెందుకు?" అన్నాను.

"ముసలోనికి గీరే బలం ఎక్కడిది? మూడు గంటలకు కోర్టుకొస్తవు గదా, గాడ అడుగు."

విసురుగా బయటికి పోయాడు. నాలుగడుగులు వేశాడో లేదో, జీపు దగ్గర నిలబడ్డ కానిస్టేబుల్ సోమన్న గుమ్మం వైపు పరుగెత్తుకొచ్చి ఎడమ చెప్పు చేత్తో పట్టుకుని, "సార్, చెప్పు ఇడిసిపెట్టిన్రు," అన్నాడు. సీఐ ఒంటి చెప్పుతో ఎండలో నిలబడి కాళ్ళ వైపు చూసుకున్నాడు.

"కోపం వస్తే చెప్పులు కూడ గుర్తుండవా తమ్ముడూ?" అని కేకేశాను. సోమన్న నవ్వు ఆపుకున్నాడు. నేను ఆపుకోలేదు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

నల్గొండలో మూసీ స్కాన్ సెంటర్‌కు చేరేసరికి పదకొండు యాభై. స్కాన్ తీసే ముస్తకీమ్ మా వీధి పిల్లాడే. ముప్పై దాటాయి, మంచివాడు, మర్యాదస్తుడు. నన్ను చూడగానే దొంగకు తేలు కుట్టినట్టు అయిపోయాడు.

"ఆపా, పోలీసులకు అంత చెప్పిన. మళ్ళ ఏముంది?"

"పోలీసులు అడిగింది రిపోర్టు. నేను అడిగేది నిన్ను. సీతారాములు స్కాన్ ఎవరు చూశారు?"

"సిస్టం చూసింది. 'శిరోదృష్టి' అని కొత్తది. బొమ్మ పోంగనే నెత్తిల నెత్తురుందా, గడ్డ ఉందా అదే చెప్తది."

"కింద డాక్టర్ సంతకం ఉంది కదా."

అతను మౌస్ మీంచి చెయ్యి తీశాడు. మళ్ళీ పెట్టాడు.

"ముస్తకీమ్, అక్కడ ఓ పిల్లను లాకప్‌లో పెట్టారు. నీ వయసు కూడా లేదు."

"నార్మల్ వస్తే సంతకం సిస్టమే ఏస్తది ఆపా. డాక్టర్ సాబ్ చూడడు. ఏదన్న తేడా ఉందని చెప్తెనే ఆయనకు పోతది."

అంటే ఆ తలను ఏ మనిషీ చూడలేదు. శ్రవణ్‌కుమార్ కేసు అంతా నిలబడ్డ సంతకం వెనుక చెయ్యి లేదు.

"స్క్రీన్ మీద సీతారాములు వివరాలు చూపించు. నువ్వు నింపిన దగ్గర్నుంచీ."

చూపించాడు. పేరు సీతారాములు. వయసు అరవై మూడు. మగ. పడినప్పుడు దెబ్బ. దాని కింద ఇంకో గడి. 'రోగి మూలం' అని. అందులో రాసింది రెండుసార్లు చదివాను. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మూడోసారి చదివాను.

యూరోపియన్.

"ఇదేంటి? తుమ్మలచెల్క సీతారాములు యూరోపియన్ ఎప్పుడయ్యాడు?"

ముస్తకీమ్ తల దించుకున్నాడు. "గాడ ఐదే ఉన్నయి ఆపా. యూరోపియన్, ఆఫ్రికన్, చైనా జపాన్ దిక్కోళ్ళు, లాటిన్ అమెరికా, ఇతరులు. మనోళ్ళు లేరు."

"ఇతరులు ఉంది కదా?"

"ఇతరులు నొక్కితే సిస్టం చూడనంటది. బొమ్మ హైదరాబాద్‌ల డాక్టర్‌కు పోతది. ఆయన చూసి పంపేటాల్లకు ఐదారు గంటలు. ఒక్కోపాలి తెల్లారి. పల్లెలోళ్ళు గంతసేపు ఎక్కడ కూసుంటరు? 'ఒంటిగంటింబావు బస్సు పోతది బిడ్డా, జర జల్ది ఇయ్యి' అని చేతులు పట్టుకుంటరు. గా బస్సు పోతే మళ్ళ పొద్దుమూకినంకనే. మొదటిది నొక్కితే పన్నెండు నిమిషాలల్ల కాగితం చేతిల ఉంటది. నవ్వుకుంట పోతుండె ఆపా అందరు. నేను మేలు చేస్తున్న అనుకున్న."

"అందరికీ అదే నొక్కావా?"

"మొదటి వారం ఏడుగురికి ఇతరులు నొక్కిన. తర్వాత ఇగ..."

రిజిస్టర్ మొత్తం తెరిపించాను. పదకొండు నెలలు. మూడు వందల ఇరవై ఆరు తలలు. కట్టంగూర్ మల్లప్ప, యూరోపియన్. తిరుమలగిరి నుంచి వచ్చిన జానకమ్మ, యూరోపియన్. నార్మల్, నార్మల్, నార్మల్. నవ్వు రావాల్సిన చోట నవ్వు రాలేదు. పేజీలు ఫొటోలు తీసుకుంటూ పోతుంటే రెండు వందల తొంభై ఎనిమిదో పేరు దగ్గర మాత్రం నవ్వు ఆగలేదు. శ్రవణ్‌కుమార్, నలభై ఆరు, యూరోపియన్, నార్మల్. బండి మీంచి పడ్డ రోజు తారీఖే. దొర అని తెలిస్తే ఇంకాస్త మర్యాదగా మాట్లాడేదాన్ని కదా అనుకున్నాను.

సీతారాములు స్కాన్ బొమ్మలు ముస్తకీమ్ చేతనే మహబూబ్‌నగర్‌లో ఉండే డాక్టర్ రమకు పంపించాను. పెద్దాసుపత్రిలో స్కాన్‌లు చదువుతూ రిటైరైన మనిషి. నేను పోలీసు శాఖలో ఉండగా రెండు కేసుల్లో సాక్ష్యం చెప్పింది. పన్నెండు నలభైకి పంపితే ఒంటిగంట ఐదుకు ఫోన్ చేసింది.

"జాహేదా, ఎవరు దీన్ని నార్మల్ అన్నది? నెత్తురుంది. కుడివైపు, పుర్రె లోపలి అంచుకు అతుక్కుని సన్నటి పొర. వెలుతురు మార్చి చూస్తే తెలుస్తుంది."

"పదకొండు నలభైకే ఉందా మేడం?"

"బొమ్మ తీసిన టైం పక్కనే ఉంది కదా. అప్పటికే ఉంది. రాసి సంతకం పెట్టి పంపిస్తాను."

అఖిల బయటపడినట్టే. అయినా ఒకటి అర్థం కాలేదు. "ఇంత తెలిసేలా ఉంటే మిషన్‌కు ఎందుకు కనబడలేదు?"

"దానికి లక్షల తలలు చూపించి నేర్పి ఉంటారు. ఎవరి తలలు చూపిస్తే దానికి లోకమంతా వాళ్ళే. చిన్నప్పటి నుంచి ఫ్లోరైడ్ నీళ్ళు తాగిన తల ఒక్కటీ చూపించి ఉండరు. ఈ పుర్రె చూడు, మందంగా, మరీ తెల్లగా ఉంది. కొత్త నెత్తురు కూడా స్కాన్‌లో తెల్లగానే ఉంటుంది. సున్నం గోడకు ఆనించి తెల్ల పంచె ఆరేస్తే దూరం నుంచి కనబడుతుందా? తయారుచేసినవాళ్ళు ఒక మంచి పని చేశారు. మాకు తెలియని తలలైతే మనిషికి పంపండి అని ఓ గడి పెట్టారు. దాన్ని మీవాళ్ళు ముట్టుకోలేదు."

బస్సు కోసం ముట్టుకోలేదు. అది ఆమెకు చెప్పలేదు.

"మేడం, ఇంకొక్కటి. ఎడమ చెప్పు ఒక్కటే గల్లీలో దొరికింది. పోలీసులు పెనుగులాట అంటున్నారు."

ఆమె నిట్టూర్పు ఫోన్‌లో వినబడింది. "పెనుగులాట ఏం లేదు. కుడివైపు మెదడు ఒత్తుకుంటే ఎడమవైపు పట్టు పోతుంది. చెప్పు కాల్లోంచి జారిపోయినా మనిషికి తెలియదు, అలాగే నడిచిపోతాడు. మా దగ్గరికి వచ్చేవాళ్ళను మొదట అడిగేది అదే, చెప్పు జారిపోతోందా అని. కొందరికి ఒక్క రోజులో వస్తుంది. కొందరికి నెత్తురు మెల్లమెల్లగా ఊరి, రెండు మూడు వారాలకు. తలనొప్పికి బిళ్ళలు మింగుతూ తిరుగుతుంటారు. ఒకరోజు కూలిపోతారు."

నా చేతిలో ఫోన్ అలాగే ఉంది. తుమ్మలచెల్క ఎండలో ఒంటి చెప్పుతో నిలబడ్డ మనిషి కళ్ళ ముందు కనబడ్డాడు. నేను నవ్వాను అతన్ని చూసి.

శ్రవణ్ నంబరుకు చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. కట్ చేశాడు. నా మీద కోపం.

"ముస్తకీమ్, సీఐ బొమ్మ కూడా మేడంకు పంపు. ఇప్పుడే. తరువాత ఈ పట్టికలో అందరికీ ఫోన్ చెయ్. తలనొప్పి ఉందా, చెయ్యి తిమ్మిరెక్కుతోందా, చెప్పు జారిపోతోందా అని అడుగు."

అతను నా ముందే మొదలుపెట్టాడు. మొదటి నంబరు మోగి ఆగిపోయింది. రెండోది ఎవరో ఆడమనిషి ఎత్తింది. ముస్తకీమ్ వింటూ వింటూ ఫోన్ బల్ల మీద పెట్టేశాడు. "ఆయన పోయి నెల దాటిందంట ఆపా," అని ఏడ్చేశాడు. ఓదార్చడానికి నాకు టైం లేదు.

నేను స్టేషన్ మెట్లు ఎక్కేసరికి రెండు ఇరవై ఐదు. జీపు ముందుకు తిప్పి పెట్టి ఉంది. బెంచీ మీద అఖిల కూర్చుని ఉంది. పాతికేళ్ళు నిండని పిల్ల, వేళ్ళకు ఇంకా మగ్గం రంగు వదలలేదు. పక్కన మహిళా కానిస్టేబుల్ జానమ్మ. శ్రవణ్‌కుమార్ బల్ల వెనుక కూర్చుని రిమాండ్ కాగితాల మీద సంతకాలు పెడుతున్నాడు.

డాక్టర్ రమ రాసిన కాగితం ఫోన్‌లో తీసి ముందు పెట్టాను. చదివాడు. 'పదకొండు నలభైకే నెత్తురుంది' అన్న వాక్యం దగ్గర రెండుసార్లు ఆగాడు.

"ఫోన్ల వచ్చిన కాగితం ఏసుకుని కేసు మూసెయ్యమంటవా అక్కా?"

"మూయొద్దు. మేజిస్ట్రేట్ గారికి చూపించు చాలు. నీ సంతకం వెనుక మనిషి చెయ్యి ఉంది. ఆ రిపోర్టు సంతకం వెనుక లేదు." ముస్తకీమ్ చెప్పిందంతా చెప్పాను. తరువాత ఫోన్‌లో రిజిస్టర్ ఫొటో చూపించాను. "రెండు వందల తొంభై ఎనిమిదో పేరు చదువు."

చదివి నవ్వాడు. కుడిచెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఎడమ చెయ్యి బల్ల మీద పడేసినట్టు పడి ఉంది.

"నేను యూరోపియన్నా? మా అవ్వ వింటే మురుస్తది."

"నవ్వకు శ్రవణ్. తలనొప్పి ఎన్ని రోజుల నుంచి?"

"ఎండకు అక్కా."

"బూటు బరువైందన్నావు. వాపు ఎక్కడ, చూపించు."

విసుగ్గా కుర్చీ పక్కకు తిప్పి ఎడమ కాలు ముందుకు చాపాడు. కాలికి వాపు లేదు. చెప్పు కూడా లేదు.

అతను బల్ల కింద చూశాడు. కుర్చీ వెనుక చూశాడు. గేటు దగ్గర్నుంచి సోమన్న ఆ చెప్పు పట్టుకుని వస్తున్నాడు. ఈసారి అతను నవ్వడం లేదు.

అఖిల లేచి నిలబడింది. జానమ్మ చెయ్యి పట్టుకుంటే విదిలించుకుంది. నిన్నటి నుంచి ఏ ప్రశ్నకూ గట్టిగా జవాబు చెప్పని పిల్ల అని జానమ్మ నాకు తరువాత చెప్పింది.

"సార్, మా మామకు గూడ గిట్లనే అయింది. చెప్పు ఇడిసి నడిసిపోయిండు, ఎరుకలే. లేవుర్రి సార్, దవాఖానకు పోదాం."

"కూసో," అన్నాడు శ్రవణ్.

"మొండిగ ఉండకుర్రి సార్! దండం పెడ్త, లేవుర్రి! బస్సు లేకుంటె ఆటో మాట్లాడుకుందాం, ఇప్పుడే పోదాం!" అని అరిచింది. గేటు బయట పోయేవాళ్ళు ఆగి లోపలికి చూశారు. "సోమవారం ఏడున్నరకు గిదే ఒర్లిన సార్. గీ మాటలే. పక్కింటోళ్ళు విన్నది గిదే!"

శ్రవణ్ నా వైపు చూశాడు. పదిహేడేళ్ళ కిందట మొదటి శవాన్ని చూసినప్పుడు కూడా నా వైపు అలాగే చూశాడు. జేబు తడుముకుని, మడతలు పడిన కాగితం ఒకటి బయటికి తీశాడు. మూసీ సెంటర్ వాళ్ళది. పద్దెనిమిది రోజులుగా జేబులోనే పెట్టుకుని తిరుగుతున్నాడన్నమాట.

"నార్మల్ అని రాసి ఉంది గదమ్మా," అన్నాడు. మాట కాస్త ముద్దగా వచ్చింది.

"మా మామ గూడ గదే అన్నడు సార్."

నా ఫోన్ మోగింది. డాక్టర్ రమ. ఎత్తి విన్నాను. రెండు మాటలే చెప్పింది: ఇతనికీ ఉంది. నేను బల్ల మీది రిమాండ్ కాగితాలు పక్కకు జరిపాను.

"శ్రవణ్, లే."

అతను ఈసారి వాదించలేదు. రెండు చేతులూ బల్ల మీద ఆనించి లేవబోయాడు. ఎడమ చెయ్యి ఆనలేదు. నేను బల్ల చుట్టూ తిరిగి వచ్చేలోపే అఖిల అతని ఎడమ భుజం కింద తన భుజం పెట్టింది. గోడ గడియారంలో రెండు ముప్పై ఎనిమిది. సోమన్నను జీపు దవాఖానకు తిప్పమన్నాను. మెట్లు దిగుతున్నంతసేపూ శ్రవణ్ ఎడమ కాలు నేల మీద ఈడుస్తూనే ఉంది. కుడి చేతిలో ఆ నార్మల్ కాగితం ఇంకా పట్టుకునే ఉన్నాడు.